స్టార్టింగ్ ట్రబుల్, ఐడ్లింగ్ ట్రబుల్: పాత కార్బ్యురేటర్ కారులో తప్పు ఎక్కడ వెతకాలి

పాత కారు పొద్దున్నే స్టార్ట్ కాకపోయినా, సిగ్నల్ దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయినా ముందు నింద పడేది గాలిలో పెట్రోల్ కలిపి ఇంజన్‌కు పంపే కార్బ్యురేటర్ మీదే. బోనెట్ ఎత్తగానే ఎదురుగా కనబడేది అదే, స్క్రూడ్రైవర్‌కు అందేలా స్క్రూలు ఉండేదీ దానికే. దాంతో ఒకటి అరచుట్టు బిగించడం, ఇంకోటి పావుచుట్టు వదులు చెయ్యడం మొదలవుతుంది. గంట గడిచేసరికి బండి ముందుకన్నా అధ్వానంగా తయారవుతుంది. అసలు తప్పు ఉన్నచోటే ఉంటుంది, దానికి కొత్తగా ఇంకో రెండు తోడవుతాయి.

నిజానికి కార్బ్యురేటర్ సెట్టింగ్ రాత్రికి రాత్రి దానంతట అది మారదు. అందులోకి మురికి చేరితే సన్నటి దారులు మూసుకుపోతాయి. లోపలి పెట్రోల్ మట్టాన్ని అదుపు చేసే ఫ్లోట్‌కో నీడిల్ వాల్వ్‌కో తేడా వస్తే పెట్రోల్ పొంగుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే థ్రాటిల్ పలక ఇరుసు, అంటే థ్రాటిల్ స్పిండిల్, ఏళ్ల తరబడి తిరిగి అరిగితే పక్కనుంచి గాలి పీలుస్తుంది. దాని జబ్బుల జాబితా దాదాపు ఇంతే. స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ వైపు పరిస్థితి వేరు. 4 సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే స్పార్క్‌ను సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటును కలిపి తెంచే పాయింట్లు సెకనుకు 100 సార్లు తెరుచుకుని మూసుకుంటాయి, ప్రతిసారీ కొంచెం కాలుతూ, కొంచెం అరుగుతూ. నిన్నటిదాకా బాగా నడిచిన బండి ఇవాళ మొరాయిస్తోందంటే ముందు అనుమానించాల్సింది ఈ రెండోదాన్నే.

అందుకే ‘ఏది పాడైంది’ అని అడిగే ముందు ‘ఎప్పుడు మొరాయిస్తోంది’ అని అడగాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కి ఓ పది నిమిషాలు ఆపిన తర్వాతా, తాళం వదలగానేనా, యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యగానేనా? చల్లటి ఇంజన్‌కు చోక్, ఐడ్లింగ్‌కు స్లో జెట్, తొక్కగానే అందుకోవడానికి యాక్సిలరేటర్ పంపు, రోడ్డు మీద పరుగుకు మెయిన్ జెట్. ఇలా ఒక్కో పరిస్థితికి పెట్రోల్ ఒక్కో దారిలో వస్తుంది. ఏ పరిస్థితిలో ఇబ్బందో సరిగ్గా గమనిస్తే సగం భాగాలను విప్పకుండానే పక్కన పెట్టేయొచ్చు.

సెల్ఫ్ కొట్టినప్పుడు

స్టార్టర్ తిరుగుతోంది కాబట్టి బ్యాటరీ బాగానే ఉందనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. స్టార్టర్ మోటారు బ్యాటరీలోని శక్తినంతా లాగేస్తుంటే స్పార్క్‌కు కావాల్సిన హై వోల్టేజీ తయారుచేసే కాయిల్‌కు మిగిలేది అంతంతమాత్రం. బండి గర్రుమని తిరుగుతూనే ఉంటుంది, స్పార్క్ మాత్రం పడదు, లేదా పడీ పడనట్టు ఉంటుంది. పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీ దగ్గర మీటర్ పెడితే 12.6 వోల్టులు చూపాలి. 12.2 చూపితే సగమే మిగిలిందన్నమాట. సెల్ఫ్ కొడుతున్నప్పుడు రీడింగ్ 9.6 కన్నా కిందకు పడిపోతుంటే ముందు బ్యాటరీ, కేబుళ్ల సంగతి చూసుకోవాలి, మిగతావన్నీ ఆ తర్వాత.

బ్యాటరీ మంచిదే అయినా ఎర్త్ సరిగ్గా లేకపోతే ఫలితం అదే. ఇంజన్ రబ్బరు మౌంటింగ్‌ల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి బాడీకీ ఇంజన్‌కూ మధ్య కరెంటు వెళ్లడానికి ఉండేది ఓ అల్లిక వైరు పట్టీ. అది తుప్పు పట్టిందో లేదో కంటితో చూసి చెప్పడం కష్టం. మీటర్ ఒక కొసను బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద, రెండోదాన్ని ఇంజన్ బ్లాక్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే తెలిసిపోతుంది. రీడింగ్ అర వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో తుప్పో వదులో ఉంది.

ఇక్కడే ఇంకో లక్షణం ఉంది. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఇంజన్ అందుకుంటుంది, తాళం వదిలిన మరుక్షణం చచ్చిపోతుంది. దీనికి పెట్రోల్‌తో సంబంధం లేదు. చాలా పాత కార్లలో కాయిల్‌కు మామూలుగా నడిచేటప్పుడు ఒక రెసిస్టర్ గుండా తక్కువ వోల్టేజీ వెళ్తుంది. స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం ఆ రెసిస్టర్‌ను దాటేసి బ్యాటరీ వోల్టేజీ నేరుగా అందుతుంది. ఆ బ్యాలస్ట్ రెసిస్టర్ తెగిపోతే స్టార్టింగ్ దారి పనిచేస్తుంది, నడిచే దారి పనిచెయ్యదు. ఇగ్నిషన్ స్విచ్‌లో ఆ ఒక్క కాంటాక్ట్ పోయినా ఇలాగే ఉంటుంది. ఇంత స్పష్టంగా తన పేరు తానే చెప్పుకునే తప్పు ఇంకోటి ఉండదు. అయినా దీనికి కార్బ్యురేటర్ విప్పేవాళ్లకు కొదవ లేదు.

సెల్ఫ్ బలంగానే తిరుగుతూ ఇంజన్ అసలు అందుకోకపోతే తేల్చాల్సినవి రెండు: పెట్రోల్ వస్తోందా, స్పార్క్ పడుతోందా. పెట్రోల్ సంగతి తెలుసుకోవడానికి పైపులేవీ విప్పక్కర్లేదు. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, చోక్ పలకను వేలితో తెరిచి పట్టుకుని కార్బ్యురేటర్ గొంతులోకి చూస్తూ థ్రాటిల్ లివర్‌ను చేత్తో ఒక్కసారి లాగాలి. లోపలి చిన్న నాజిల్ నుంచి పెట్రోల్ సన్నటి ధారగా చిమ్మితే ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోల్ ఉన్నట్టే. అంటే ట్యాంకు, పైపులు, ఫిల్టర్, ఫ్యూయల్ పంపు అన్నిటికీ ఆ నిమిషానికి క్లీన్ చిట్. ధార రాకపోతే చాంబర్ ఎండిపోయి ఉండాలి, లేదా యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ పోయి ఉండాలి. కొన్ని రకాల కార్బ్యురేటర్లలో, ముఖ్యంగా ఎస్‌యూ రకంలో, ఈ పంపే ఉండదు కాబట్టి వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

వారాల తరబడి నిలిపి ఉంచిన బండిలో చాంబర్ ఎండిపోవడం తప్పు కింద లెక్క కాదు. పెట్రోల్ ఆవిరైపోతుంది, అంతే. మెకానికల్ పంపు క్యామ్‌షాఫ్ట్ తిరిగితేనే కదులుతుంది కాబట్టి మళ్లీ చాంబర్ నిండేదాకా సెల్ఫ్ కొట్టక తప్పదు. పది సెకన్లు కొట్టి, స్టార్టర్ చల్లారడానికి కాస్త వదిలి, మళ్లీ కొట్టాలి. అంత ఓపిక లేక కార్బ్యురేటర్ గొంతులో పెట్రోల్ పోసి సెల్ఫ్ కొట్టేవాళ్లున్నారు. ఇంజన్ వెనక్కి కొట్టిందంటే ఆ గొంతులోంచే మంట లేస్తుంది. నెలల తరబడి ట్యాంకులో ఉన్న పెట్రోల్‌లో తేలిగ్గా ఆవిరయ్యే భాగం పోయి ఉంటుంది. అలాంటిది చాంబర్ నిండా ఉన్నా చల్లటి ఇంజన్‌కు అంటుకోదు.

స్పార్క్ చూడటానికి ఓ మంచి ప్లగ్‌ను వైరుకు తగిలించి, దాని లోహపు ఒంటిని ఇంజన్ బ్లాక్‌కు గట్టిగా ఆనించి, సెల్ఫ్ కొట్టించి చూడాలి. ఇది కార్బ్యురేటర్‌కు దూరంగా, పెట్రోల్ ఆవిర్లు లేని చోట చెయ్యాలి. వైరును ఉత్త చేత్తో పట్టుకోకూడదు, అందులో వేల వోల్టులు ఉంటాయి. నీలిరంగులో టక్ టక్‌మని కొడితే బాగున్నట్టు. పసుపు రంగులో పల్చగా, చప్పుడు లేకుండా వస్తుంటే బయట గాలిలో దూకిన ఆ స్పార్క్ సిలిండర్ లోపలి ఒత్తిడిలో దూకుతుందన్న నమ్మకం లేదు.

స్పార్క్ బలహీనంగా ఉన్నా, లేకపోయినా ముందు చూడాల్సినవి పాయింట్లే. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, పాయింట్లు పూర్తిగా తెరుచుకునే దాకా ఇంజన్‌ను చేత్తో తిప్పి, ఫీలర్ గేజ్‌తో గ్యాప్ కొలవాలి. చాలా ఇంజన్లలో అది 0.4 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్‌లో ఉంటుంది. పాయింట్ల మొహాలు రెండూ బూడిద రంగులో సమంగా ఉంటే సరే. ఒకదాని మీద గుంట, ఎదురుదాని మీద దానికి సరిపడా బొడిపె కనిపిస్తుంటే పాయింట్లు కాలిపోకుండా కాపాడే కండెన్సర్‌ను అనుమానించాలి. చాలాకాలం వాడని బండిలో పాయింట్ల మీద కంటికి కనబడని పొర పేరుకుంటుంది. శుభ్రమైన అట్టముక్కను మధ్యలో పెట్టి రెండుసార్లు లాగితే చాలు, స్పార్క్ వచ్చేస్తుంది.

పాయింట్లలో నెమ్మదిగా జరిగే అరుగుదల కూడా ఉంది. క్యామ్‌ను రాసుకుంటూ తిరిగే ఫైబర్ మడమ అరిగే కొద్దీ గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, అంటే స్పార్క్ పడే సమయం (టైమింగ్) వెనక్కి పోతుంది. నెలల తరబడి కొంచెం కొంచెంగా స్టార్టింగ్ కష్టమవుతూ, పికప్ తగ్గుతూ, ఇంజన్ మామూలుకన్నా వేడెక్కుతూ వచ్చిన బండి కథ చాలాసార్లు ఇదే. గ్యాప్ సరిచేసినప్పుడల్లా టైమింగ్ మళ్లీ చూసుకోవాలి, ఒకటి మారితే రెండోది మారుతుంది. చూస్తూ చూస్తూ ఇగ్నిషన్ ఆన్‌లోనే వదిలేయడం ఇంకో ప్రమాదం. ఇంజన్ ఆగి ఉండి పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్‌లో కరెంటు పారుతూనే ఉండి అది వేడెక్కి పాడవుతుంది.

మూతలో సన్నటి పగుళ్లు, పెన్సిల్ గీతల్లాంటి నల్లటి కార్బన్ జాడలు, రోటర్ మొన కాలిపోవడం, చెమ్మ, ఇవన్నీ వెలుతురులో తిప్పి చూస్తే దొరికేవే. కండెన్సర్ విషయంలో మాత్రం చూపును నమ్మలేం. కొత్తది వేశాం కాబట్టి అది బాగానే ఉంటుందన్న భరోసా అసలే వద్దు. నడుస్తున్న పాతదాన్ని తీసి పారేయకుండా డిక్కీలో ఉంచుకోవడం మంచి అలవాటు.

చల్లటి ఇంజన్, చోక్

వేడెక్కిన ఇంజన్‌లో పెట్రోల్ పూర్తిగా మండాలంటే ఒక వంతు పెట్రోల్‌కు బరువులో 14.7 వంతుల గాలి కావాలి. చల్లటి ఇంజన్‌లో వెళ్లిన పెట్రోల్‌లో చాలా భాగం ఆవిరి కాకుండా కార్బ్యురేటర్ నుంచి సిలిండర్లకు వెళ్లే దారి, అంటే మానిఫోల్డ్ గోడలకు అంటుకుపోతుంది. మండేది ఆవిరే కాబట్టి ఆ లోటు పూడ్చడానికి మామూలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పెట్రోల్ పంపాలి. చోక్ పలక గాలి దారిని మూసి ఆ పని చేస్తుంది.

పరీక్ష తేలికే. రాత్రంతా ఆగి ఉన్న బండికి ఫిల్టర్ మూత తీసి చూస్తే, చోక్ లాగిన తర్వాత పలక పూర్తిగా మూసుకోవాలి. ఆటోమేటిక్ చోక్ అయితే యాక్సిలరేటర్‌ను ఒకసారి పూర్తిగా తొక్కి వదిలినప్పుడే మూసుకుంటుంది, చల్లటి ఇంజన్‌ను కాస్త వేగంగా తిప్పే ఫాస్ట్ ఐడిల్ క్యామ్ కూడా అప్పుడే దాని స్థానంలోకి వస్తుంది. తొక్కకుండా నేరుగా తాళం తిప్పేసి ‘పొద్దున్నే అందుకోవట్లేదు’ అనుకునేవాళ్ల విషయంలో తప్పు బండిది కాదు. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక అదే పలక నిలువుగా తెరుచుకుని ఉండాలి. కేబుల్ బిగుసుకుపోయో, స్ప్రింగ్ బలహీనపడో సగంలో ఆగిపోతే వేడి మీద నల్లపొగ, మసి పట్టిన ప్లగ్‌లు, కుంటుతున్న ఐడ్లింగ్ తప్పవు.

చల్లగా ఉన్నప్పుడు టక్కున అందుకుని, నాలుగైదు సెకన్లలో నల్లపొగ కక్కి ఆగిపోతుంటే పుల్-ఆఫ్ డయాఫ్రమ్ చూడాలి. ఇంజన్ అందుకోగానే మానిఫోల్డ్ వాక్యూమ్‌తో పలకను కొన్ని మిల్లీమీటర్లు తెరవడం దాని పని. అది చిరిగితే ఇంజన్‌కు ఊపిరాడదు. ఇలా పెట్రోల్ ఎక్కువైపోయి ఫ్లడ్ అయినప్పుడు యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి, అలాగే పట్టి ఉంచి సెల్ఫ్ కొట్టాలి. తొక్కి వదిలి, తొక్కి వదిలి చేస్తే ప్రతి తొక్కుడుకూ యాక్సిలరేటర్ పంపు ఇంకో గుక్క పెట్రోల్ పోస్తుంది. టెన్షన్‌లో కాలు చేసేది సరిగ్గా అదే.

వేడి మీద ఆపితే మళ్లీ అందుకోని బండి

దూరం నడిపి ఓ పది పదిహేను నిమిషాలు ఆపితే ఇంజన్ చల్లారుతుందనుకుంటాం. బోనెట్ కింద జరిగేది దానికి తలకిందులు. ఫ్యాన్ ఆగిపోయింది, రేడియేటర్ నీళ్లు కదలడం ఆగిపోయింది, ఇంజన్‌లోని వేడి మాత్రం పైకి ఎక్కుతూనే ఉంది. కార్బ్యురేటర్ అత్యంత వేడిగా ఉండేది ఈ సమయంలోనే. ఇక్కడ మూడు వేర్వేరు తప్పులు ఒకే వేషంలో కనిపిస్తాయి.

మొదటిది, ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోల్ మరిగి నాజిల్ గుండా మానిఫోల్డ్‌లోకి కారడం. అప్పుడు ఇంజన్‌లో పెట్రోల్ ఎక్కువైనట్టు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుంటే కాస్త దగ్గి అందుకుంటుంది. రెండోది, పంపులోనో పైపులోనో పెట్రోల్ ఆవిరై అడ్డుపడటం, అంటే వేపర్ లాక్. పంపు ద్రవాన్ని నెట్టగలదు, ఆవిరిని నెట్టలేదు. అప్పుడు పెట్రోల్ తక్కువైనట్టు. మూడోది, వేడికి తేడా చేసే కాయిల్ లేదా కండెన్సర్. చల్లారితే మళ్లీ మామూలే.

వీటిని విడదీయాలంటే బండి మొరాయిస్తున్న ఆ క్షణంలోనే పైన చెప్పిన రెండు పరీక్షలూ చెయ్యాలి. గొంతులో ధార లేదు, స్పార్క్ ఉంది అంటే వేపర్ లాక్. ధార ఉంది, స్పార్క్ లేదు అంటే కాయిల్ వైపు వెళ్లాలి. రెండూ ఉండి గొంతులోంచి పెట్రోల్ వాసన గుప్పున కొడుతుంటే మరిగి పొంగినట్టు. పంపు మీద తడిగుడ్డ వేస్తే బండి లేచింది కాబట్టి వేపర్ లాకే అని తీర్పిచ్చేస్తుంటారు. గుడ్డ తడిపి తెచ్చి వేసేలోగా కాయిల్ కూడా చల్లారింది కదా. అది చిట్కాగా పనికొస్తుంది, రుజువుగా పనికిరాదు.

వేపర్ లాక్‌కు మందు స్క్రూలలో లేదు. పెట్రోల్ పైపును సైలెన్సర్ పైపుకు దూరంగా జరపాలి. కార్బ్యురేటర్ కింద ఉండాల్సిన మందపాటి ఇన్సులేటింగ్ స్పేసర్ ఉందో లేదో చూడాలి. ఎప్పుడో విప్పి మళ్లీ పెట్టకుండా వదిలేసిన హీట్ షీల్డ్‌ను వెతికి బిగించాలి. ఇవాళ్టి పెట్రోల్‌లో ఇథనాల్ కలపడం ఈ ఇబ్బందిని కొంత పెంచింది. తక్కువ పాళ్లలో కలిసినప్పుడు ఇథనాల్ పెట్రోల్ ఆవిరి ఒత్తిడిని పెంచుతుంది. దానికి తోడు పాత రబ్బరు పైపులను, డయాఫ్రమ్‌లను మెత్తబరుస్తుంది, ఉబ్బిస్తుంది. నీటిని పీల్చుకుంటుంది. అందులోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్‌కు కావాల్సిన గాలి 14.7 నుంచి సుమారు 14.1కి తగ్గుతుంది. జెట్లు మాత్రం పాత లెక్కనే పోస్తుంటాయి, మిశ్రమం కాస్త పల్చబడుతుంది. రోడ్డు మీద ఆ తేడా పెద్దగా తెలియకపోవచ్చు. అసలే అంచుమీద నడిచే ఐడ్లింగ్‌లో తెలుస్తుంది.

ఐడ్లింగ్

యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడు థ్రాటిల్ పలక దాదాపు మూసుకుపోతుంది. గొంతులో గాలి వేగం ఎంత తగ్గుతుందంటే మెయిన్ జెట్ నుంచి ఒక్క చుక్క కూడా పైకి లేవదు. పలక కింద, ఇంజన్ వైపు మాత్రం గట్టి వాక్యూమ్ ఉంటుంది. స్లో జెట్ గుండా వచ్చిన పెట్రోల్, దారిలో కొంచెం గాలితో కలిసి, పలకకు దిగువనున్న ఓ చిన్న రంధ్రం నుంచి బయటపడుతుంది. ఆ రంధ్రానికి అడ్డంగా ఉండే సూది మొనే మిక్స్చర్ స్క్రూ. ఐడ్లింగ్ అంతా ఈ ఒక్క దారి మీదే ఆధారపడి ఉంది.

స్లో జెట్ రంధ్రం సుమారు అర మిల్లీమీటరు. ట్యాంకు తుప్పులోంచి వచ్చిన ఒక్క రేణువు చాలు. అప్పుడు లక్షణం చాలా శుద్ధంగా ఉంటుంది: తొక్కుతున్నంతసేపూ బండి బ్రహ్మాండంగా నడుస్తుంది, కాలు తియ్యగానే ఆగిపోతుంది. అయితే జెట్ విప్పేముందు చూడాల్సినది ఒకటుంది. చాలా కార్బ్యురేటర్లకు ఇంజన్ ఆపాక కూడా దడదడమని నడుస్తూ ఉండకుండా ఐడ్లింగ్ పెట్రోల్‌ను ఆపే సోలెనాయిడ్ ఉంటుంది. తాళం ఆన్ చేస్తే అది టిక్‌మనాలి. దాని వైరు ఊడిపోయినా, కాయిల్ కాలిపోయినా స్లో జెట్ మూసుకుపోయినప్పటి లక్షణాలే కనిపిస్తాయి. ఊడిన వైరును తగిలిస్తే పోయేదానికి మొత్తం కార్బ్యురేటర్‌ను బెంచీ మీద పరిచేయడం కన్నా దండగ పని లేదు.

సోలెనాయిడ్ బాగుంటే అప్పుడు జెట్. చాలా వెబర్, సోలెక్స్ రకాలలో కార్బ్యురేటర్‌ను కిందకు దించకుండానే స్లో జెట్‌ను బయటినుంచి విప్పొచ్చు. వెలుతురు వైపు పట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా, అంచు పదునుగా, చుట్టూ సమంగా వెలుగుతూ కనిపించాలి. ఓ పక్క మసకగా ఉన్నా పెట్రోల్ జిగురు పేరుకుందనే. దాన్ని ఇనుప తీగతో పొడవకూడదు. ఇత్తడి మెత్తన, రంధ్రం సైజే మారిపోతుంది. క్లీనర్‌లో నానబెట్టి గాలితో ఊదాలి. జెట్ వెనకున్న దారిలోనూ ఊదాలి, లేకపోతే అక్కడున్న మురికి మర్నాడు మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

ఇక స్క్రూల ఉచ్చు. ఐడ్లింగ్‌లో బండి ఆగిపోతుంటే అందరూ చేసేది థ్రాటిల్ స్టాప్ స్క్రూను బిగించి స్పీడ్ పెంచడం. ఆగిపోవడం తగ్గుతుంది, సమస్య తీరినట్టే కనిపిస్తుంది. లోపల జరిగింది వేరు. పలక అంచుకు సరిగ్గా ఎదురుగా, గొంతు గోడలో రెండు మూడు సన్నటి రంధ్రాలుంటాయి. ఐడ్లింగ్ నుంచి పరుగులోకి మారేటప్పుడు మధ్యలో వెలితి రాకుండా పలక తెరుచుకునే కొద్దీ ఇవి ఒక్కొక్కటే పెట్రోల్ ఇవ్వడం మొదలుపెడతాయి. స్టాప్ స్క్రూ బిగించి పలకను ఎప్పుడూ కాస్త తెరిచి ఉంచితే ఇవి ఐడ్లింగ్‌లోనే బయటపడి, పెట్రోల్ ఇక్కడినుంచి రావడం మొదలవుతుంది. మిక్స్చర్ స్క్రూ ఎటు తిప్పినా తేడా రాదు. బండి కదిలేటప్పుడు ఓ క్షణం తడబడుతుంది, ఎందుకంటే ఆ క్షణానికి దాచుకున్న పెట్రోల్ ముందే వాడేసుకుంది. ఆఫ్ చేశాక కూడా ఇంజన్ కాసేపు దడదడలాడుతుంది. ఇప్పుడు ‘కార్బ్యురేటర్ పోయింది, కొత్తది వెయ్యాలి’ అనే మాట వినబడుతుంది.

ఈ ఉచ్చులో ఉన్నామో లేదో తేల్చడానికి నమ్మదగిన పరీక్ష ఉంది. వేడెక్కిన ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా మిక్స్చర్ స్క్రూను నెమ్మదిగా పూర్తిగా లోపలికి బిగించాలి, మొన దెబ్బతినేలా బలం వాడకూడదు. ఆరోగ్యంగా ఉన్న కార్బ్యురేటర్ అయితే ఇంజన్ ఆగిపోవాలి. ఆగలేదంటే పెట్రోల్ ఇంకెక్కడినుంచో వస్తోంది: పలక ఎక్కువ తెరిచి ఉండొచ్చు, ఫ్లోట్ లెవెల్ ఎక్కువై మెయిన్ నాజిల్ కారుతుండొచ్చు, గట్టిగా తొక్కినప్పుడు అదనపు పెట్రోల్ ఇచ్చే పవర్ వాల్వ్ డయాఫ్రమ్ చిరిగి ఉండొచ్చు. దీనికి ఎదురు పరిస్థితి కూడా ఉంది. స్క్రూను బయటికి తిప్పేకొద్దీ ఇంజన్ మెరుగవుతూ, ఎంత తిప్పినా ఇంకా కావాలంటోందంటే ఎక్కడో లెక్కలో లేని గాలి చొరబడుతోంది, లేదా స్లో జెట్ సగం మూసుకుంది.

చొరబడే గాలి ఐడ్లింగ్‌కు పెద్ద శత్రువు. తొక్కినప్పుడు ఇంజన్ తాగే గాలితో పోలిస్తే ఆ లీకు ఓ లెక్కలోది కాదు, అందుకే బండి పరుగులో బాగానే ఉంటుంది. ఐడ్లింగ్‌లో ఇంజన్ తాగేదే గుక్కెడు గాలి, అందులో దొంగగాలి పాలు పెద్దదవుతుంది. కార్బ్యురేటర్ కింది గ్యాస్కెట్, మానిఫోల్డ్ గ్యాస్కెట్, ఎండి పగిలిన వాక్యూమ్ పైపులు, అరిగిన థ్రాటిల్ స్పిండిల్, డిస్ట్రిబ్యూటర్ మీది వాక్యూమ్ డయాఫ్రమ్, బ్రేక్ బూస్టర్‌కు వెళ్లే లావుపాటి గొట్టం, ఇవే దొంగదారులు. ఒక్కో గొట్టాన్నీ ప్లయర్‌తో మెత్తగా నొక్కి పట్టి ఇంజన్ శబ్దం మారుతుందేమో వినాలి. బూస్టర్ గొట్టం నొక్కగానే ఐడ్లింగ్ కుదుటపడితే ఆ పని ఆ రోజే చేయించుకోవాలి, అది బ్రేకులకు సంబంధించిన విషయం. గ్యాస్కెట్ల దగ్గర కార్బ్ క్లీనర్ స్ప్రే చేసి చూడటం అందరికీ తెలిసిన పద్ధతే గానీ వేడి ఇంజన్ మీద మండే ద్రవం చల్లుతున్న సంగతి మర్చిపోకూడదు. సీసాతో నీటి తుంపర కొట్టినా పెద్ద లీకులు దొరుకుతాయి: నీరు చీలికను మూసిన క్షణం ఇంజన్ శబ్దం మారుతుంది. ప్లగ్ వైర్ల మీద, డిస్ట్రిబ్యూటర్ మీద మాత్రం పడనీయకూడదు.

వాక్యూమ్ గేజ్ ఉంటే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది. పాత బండి పెట్టుకున్నవాళ్లు కొనాల్సిన మొదటి పరికరం అదే, కార్బ్యురేటర్ రిపేర్ కిట్ తర్వాతి సంగతి. సముద్రమట్టం దగ్గర మామూలు ఇంజన్ ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపుతూ ముల్లు కదలకుండా ఉండాలి. ఎత్తైన ప్రదేశాల్లో ప్రతి 1000 అడుగులకు సుమారు ఒక అంగుళం తగ్గించి చూసుకోవాలి. ముల్లు నిలకడగా ఉండి తక్కువ చూపిస్తుంటే గాలి లీకో, వెనక్కి పోయిన టైమింగో. లయబద్ధంగా ఒకే సిలిండర్ వంతు వచ్చినప్పుడల్లా కిందకు పడి లేస్తుంటే ఒక వాల్వ్ సరిగ్గా కూర్చోవట్లేదు. మిక్స్చర్ తేడా అయితే ముల్లు అటూ ఇటూ నెమ్మదిగా తేలుతుంటుంది.

వాల్వ్ మాట వచ్చింది కాబట్టి వాటిని తెరిచే ట్యాపెట్ల సంగతి కూడా. గ్యాప్ ఎక్కువైతే టకటకమని చప్పుడు వస్తుంది, అందరికీ వినబడుతుంది. తక్కువైతే చప్పుడే ఉండదు, ఇంజన్ మెత్తగా నడుస్తున్నట్టే ఉంటుంది, వాల్వ్ మాత్రం పూర్తిగా మూసుకోక ఐడ్లింగ్ కుంటుతుంది, చివరికి వాల్వ్ అంచు కాలిపోతుంది. ట్యాపెట్ చప్పుడు నచ్చక అవసరానికి మించి బిగించేసిన బండ్లలో ఐడ్లింగ్ కుదరకపోవడం మామూలే.

క్రాంక్‌కేస్ ఆవిర్లను ఇంజన్‌లోకి లాగే పీసీవీ వాల్వ్ ఇరుక్కుపోయినా, కొంత పొగను మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ ఉన్న బండ్లలో అది తెరుచుకుపోయి ఉండిపోయినా ఐడ్లింగ్ చెడుతుంది. రెంటినీ విప్పి శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది. చల్లటి, తేమ ఎక్కువున్న వాతావరణంలో ఇంకో వింత జరుగుతుంది. పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది కాబట్టి బయట గడ్డకట్టేంత చలి లేకపోయినా గొంతులో మంచు పేరుకుని బండి ఆగిపోతుంది. ఐదు నిమిషాలు ఆగితే ఇంజన్ వేడికి మంచు కరిగి ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఎయిర్ ఫిల్టర్‌కు వేడిగాలి తెచ్చే గొట్టం ఊడిపోయి ఉంటే కారణం అదే.

ఫ్లోట్ సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. కార్బ్యురేటర్ బయట తడి, ఘాటైన వాసన, గొంతులో పెట్రోల్ కారడం కనిపిస్తే నీడిల్ వాల్వ్ కింద మురికి ఉండొచ్చు. చాంబర్ మీద స్క్రూడ్రైవర్ పిడితో రెండు తట్టు తడితే తాత్కాలికంగా సర్దుకుంటుంది. ఇత్తడి ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపితే లోపల గలగలమంటే అది చిల్లుపడి పెట్రోల్ తాగింది. అనుమానంగా ఉంటే వేడినీళ్లలో ముంచాలి, చిల్లు దగ్గర బుడగలు వస్తాయి.

స్క్రూల వంతు

ట్యాపెట్లు, పాయింట్ల గ్యాప్, టైమింగ్ ఈ వరుసలో సరిచేసి, గాలి లీకులు లేవని తేలాకే స్క్రూల జోలికి వెళ్లాలి. ఇంజన్ పూర్తిగా వేడెక్కి ఉండాలి, చోక్ పూర్తిగా తెరుచుకుని ఉండాలి, ఎయిర్ ఫిల్టర్ దాని స్థానంలో ఉండాలి. ఇంజన్ ఆపి మిక్స్చర్ స్క్రూను మెత్తగా చివరిదాకా బిగించి, అక్కడినుంచి ఒకటిన్నర నుంచి రెండు చుట్లు వదులు చేసి మొదలుపెడితే సాధారణంగా అందుకుంటుంది. స్టాప్ స్క్రూతో స్పీడ్‌ను మాన్యువల్ చెప్పిన చోటికి, చాలా బండ్లలో నిమిషానికి 800 చుట్ల దగ్గరికి, తేవాలి. ఆ తర్వాత మిక్స్చర్ స్క్రూను పావుచుట్టు చొప్పున తిప్పుతూ, తిప్పిన ప్రతిసారీ ఇంజన్ కుదుటపడటానికి కొన్ని సెకన్లు ఆగుతూ, ఎక్కడ ఇంజన్ చుట్లు అత్యధికంగా ఉన్నాయో అక్కడ ఆపాలి. స్పీడ్ పెరిగితే స్టాప్ స్క్రూతో తగ్గించి మళ్లీ ఒకసారి మిక్స్చర్ చూడాలి. కొన్ని కార్బ్యురేటర్లలో ఆ స్క్రూ పెట్రోల్‌ను కాక గాలిని నియంత్రిస్తుంది, వాటిలో తిప్పే దిశ తలకిందులవుతుంది. ఇదంతా ఆరుబయటే చెయ్యాలి. మూసిన షెడ్డులో ఇంజన్ ఆన్‌లో పెట్టి స్క్రూలతో కూర్చుంటే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా చంపేస్తుంది.

ఇవన్నీ సరిగ్గా చేసినా ఐడ్లింగ్ కుదరకపోతే సిలిండర్లలో పుట్టే ఒత్తిడి, అంటే కంప్రెషన్ చూడాల్సిందే. ప్లగ్‌లన్నీ విప్పి, కాయిల్ వైరు తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టి ఒక్కో సిలిండర్ రీడింగ్ తీసుకోవాలి. అంకె ఎంతన్నదానికన్నా సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నది ముఖ్యం. ఒకటి మిగతావాటికన్నా 15 శాతానికి మించి తక్కువ చూపిస్తే ఆ సిలిండర్‌లో ఓ చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. రీడింగ్ పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వ్ లేదా హెడ్ గ్యాస్కెట్. ఆ బండికి ఎన్ని కొత్త కార్బ్యురేటర్లు మార్చినా సిగ్నల్ దగ్గర ఆగిపోతూనే ఉంటుంది.